దూది ఏకిన చేతులకూ ఒక పేరుంది
(అలిపిరి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ అలిపిరికి శ్రీకాళహస్తి ఎంతో దూరం కాదు. అక్కడి కలంకారీ వస్త్రాలపై రామాయణ, భారత గాథలు చిత్రిస్తారు. ఆ కళ పేరు మాత్రం పారశీకం నుండి వచ్చినది. పాలు, కరక్కాయ పట్టించిన నూలుగుడ్డపై వెదురు కలంతో గీస్తారు. దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

గీసే చేతికి ముందు నేసే చెయ్యి ఉంది. నేసే చేతికి ముందు దూది ఏకే చెయ్యి ఉంది. ఆ చెయ్యి మనది. దూదేకుల, పింజారీ, నూర్‌బాషా అని లోకం మనల్ని పిలిచింది. మన ఇంటి భాష తెలుగు, మన దీన్ ఇస్లాం. అందుకే ‘మీరు ముస్లింలేనా?’ అని ఒకరు, ‘మీరు తెలుగువారేనా?’ అని మరొకరు అడుగుతారు. అన్నం పెట్టిన వృత్తి పేరే ఎగతాళి మాటయింది. బి.సి.-బి జాబితాలో మనకు చోటున్నది, అది హక్కు. గౌరవం వేరు.

మృణాళినీ ముఖర్జీ (1949–2015) నారతాళ్లను ముడివేసి నిలువెత్తు శిల్పాలు చేశారు. ముడి కూడా శిల్పమేనని ప్రపంచం ఒప్పుకున్నది. అయితే పాత చీరల ముక్కలతో మన అమ్మలు కుట్టిన బొంత మన చరిత్ర కాదా?

అటకమీది దూదివిల్లును దింపండి. పెద్దల మాటలు రాసిపెట్టండి. బిడ్డలు తమ పేరును దాచుకోకుండా చెప్పేలా పెంచుదాం.