తాగుడు మానేటప్పుడు ఇంట్లోవాళ్లు తెలుసుకోవలసినవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఆరోగ్యం మీద మాట్లాడమంటే అందరూ బి.పి., షుగరు గురించి చెబుతారు. నేను తాగుడు గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కాసేపు ఆలోచించి, "సరే కానివ్వండి, పేర్లు మాత్రం చెప్పకండి" అన్నారు. చెప్పను.

ఉద్యోగంలో ఉన్నంతకాలం పొద్దున పదింటికల్లా ఆఫీసులో ఉండాలనే కట్టుబాటు ఒకటుంటుంది. సాయంత్రం తాగేవాడు కూడా ఆ పదింటికి భయపడి కాస్త అదుపులో ఉంటాడు. రిటైరయిన మర్నాటినుంచి ఆ భయం లేదు. గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బు చేతికొస్తుంది. పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు. ఇక ఒంటి సంగతి. వయసుతోపాటు శరీరంలో నీటిపాలు తగ్గుతుంది. అందుచేత నలభయ్యోయేట తాగినంతే అరవై అయిదులో తాగినా మత్తు ఎక్కువ ఎక్కుతుంది. "నేనేం పెంచలేదండీ, ఎప్పుడూ తాగేదే" అనే మాట నిజమే కావచ్చు; ఒళ్లు మారింది కదా! దానిమీద నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి మందగించే ప్రమాదముంది. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకుని, ఏమీ తినకుండా తాగితే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. అలా సోలిపోయిన మనిషిని చూసి, తాగి పడుకున్నాడనుకుని దుప్పటి కప్పే ఇళ్లున్నాయి.

అసలు నేను చెప్పదలుచుకున్నది వేరు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఉన్నపళాన మానెయ్యటం కూడా ప్రమాదమే. ఒట్టు వేయించి, గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మద్యం మెదడును రోజూ అణిచిపెడుతూ ఉంటే, మెదడు దాన్ని తట్టుకోవటానికి తన వేగం పెంచుకుని ఉంటుంది. అణిచేది ఒక్కసారిగా పోతే ఆ వేగం అలాగే మిగిలిపోతుంది. మొదటిరోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర ఉండదు. రెండురోజుల లోపల కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండునించి నాలుగు రోజుల మధ్య మరికొందరికి మతి తప్పుతుంది. గోడమీద లేని పురుగులు కనిపిస్తాయి, మనుషుల్ని గుర్తుపట్టరు. దయ్యం పట్టిందని తాయెత్తులు కట్టించేది ఈ దశలోనే. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో అయితే తగిన మందులిచ్చి, కొద్దిరోజుల్లో వాటిని తగ్గిస్తూ దాటిస్తారు. బి1 విటమిన్ ఇంజక్షన్లూ ఇస్తారు. ఏళ్ల తాగుడువల్ల ఆ విటమిన్ తరిగిపోయి జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే అవకాశముంది గనక.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది ఇలాగే ఆసుపత్రుల పాలయ్యారు. కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయజిపాం వంటి మత్తుమందులు ఒక్కసారిగా అందకపోవటమే కారణం.

మన వయసువాళ్లకు ఇది ఎలా ఎదురవుతుందో చెబుతాను. నాకు తెలిసిన ఒకాయన బాత్‌రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను బాగానే జరిగింది. మూడోరోజు రాత్రి సెలైను పీకేసి, ఎవరో చంపటానికొస్తున్నారని అరిచారు. మత్తు ఇంజక్షను వికటించిందని కొడుకు డాక్టరుతో తగవుపడ్డాడు. ఆయన రోజూ తాగుతారన్న సంగతి చేర్చేటప్పుడు ఇంటావిడ చెప్పలేదు. పరువు! తెల్లవారుజామున నర్సమ్మను పక్కకు పిలిచి చెప్పారు కాబట్టి ఆయన దక్కారు. అమ్మా, పంటి ఆపరేషనుకైనా సరే, ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు చెప్పండి.

ఇంకొకటి. సాంబారులో కలిపి పెడితే తాగుడు మానతారని పొడులు అమ్ముతుంటారు. వాటిలో ఏముందో ఎవరికి తెలుసు? డైసల్ఫిరాం అనే మందు ఒకటుంది. 1940లలో డెన్మార్కు పరిశోధకులు తాగుడు మాన్పించటానికి పనికొస్తుందని గుర్తించారు. అది వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బి.పి. పడిపోతుంది. గుండెజబ్బున్నవాడికి అది ప్రాణాంతకం. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవలసిన మందు అది. దొంగచాటుగా పెట్టటం పాపమనే నా అభిప్రాయం. కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులూ ఉన్నాయి. లివరు, కిడ్నీ పరీక్షలు చూసి రాస్తారు.

మందులు మొదటి గండం దాటిస్తాయి. తర్వాత సాయంత్రాలు ఎలా గడపాలి? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. దుకాణం మూసినా తెరిచినా మానినవాడికి తోడు కావాలి. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, ఒకరు షేర్ల వ్యాపారంలో తిరిగినాయన, ఒకరు డాక్టరు, ఒకరికొకరు తోడుండి మానటంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ఈ ఒక్కరోజు తాగను అనుకోవటమే వాళ్ల పద్ధతి. భార్యాపిల్లల కోసం 1951లో అల్-అనాన్ వచ్చింది. ఆయన తాగినందుకు తప్పు తనదేనని కుమిలే ఇల్లాలు అక్కడికి వెళ్తే సగం బరువు దిగుతుంది.

మానినవాడు మళ్లీ ఒకసారి తాగితే అంతా పోయిందని ఇల్లంతా ఏడుస్తుంది. షుగరు పెరిగిందని రోగిని వెలివేస్తామా? మందు సరిచూసుకుంటాం. ఇదీ అంతే. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మత్తుమందుల దురలవాటువల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుల కిందనే లెక్కగట్టింది.

సలహా కావాలంటే 14446కు ఫోన్ చెయ్యండి, డబ్బు పడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. భోజనాల వేళయింది. అందరిముందూ అడగలేనివాళ్లుంటే, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. సెలవు.