'లైను': ఒక మాట, పలు త్రోవలు

ఇంగ్లీషు నుండి మన భాషలోనికి వచ్చిన మాటలు రెండు విధములు. రైలు, బస్సు, పెన్సిలు వంటివి ఒక్కొక్క వస్తువును చేతబట్టుకొని వచ్చినవి. వస్తువు ఎచట నుండునో మాటయు నచటనే యుండును. వానితో మనకు చిక్కు లేదు. రెండవ విధమువి ఏ వస్తువును లేక వట్టి చేతులతో వచ్చి, తలుపు తీసిన ప్రతి యింటను కాపురము పెట్టినవి. అట్టి వానిలో 'లైను' ముఖ్యమైనది. దాని సంచారమును తెలిసికొనుటకు నిఘంటువును తిరుగవేయుటకంటె సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను ఒకమారు చుట్టివచ్చుట మేలు. మూడు ఊళ్లలోను అందరి నోటను ఉన్న మాట యిది; అర్థము మాత్రము అడుగడుగునకు మారుచుండును.

బయలుదేరుటకు ముందు దాని పుట్టుకను కొంచెము చూతము. లాటిను భాషలో 'లీనుమ్' అనగా అవిసె. అవిసె నారతో పేనిన దారము 'లీనియా'. ఆ దారమే ఇంగ్లీషులో 'లైను' అయినది. బిగించి పట్టిన దారము తిన్నగా నుండును గనుక గీతకు ఆ పేరు వచ్చినది. గీతవలె సాగిన త్రోవకును, తీగకును, ఒకరి వెనుక నొకరుగా నిలిచిన జనులకును, తరతరములుగా సాగు వంశమునకును అదే పేరు చెల్లినది. ఉడుపులకు లోపలివైపు వేయు నారగుడ్డ 'లైనింగు' అయినది. మన 'సూత్రము'ను తలచుకొన్నచో ఇందు వింత లేదు. సూత్రమనగా దారమే గదా! పెండ్లికూతురు మెడలోని మంగళసూత్రమును, పండితుని నోటిలోని వ్యాకరణసూత్రమును ఒకే దారమునుండి వచ్చినవి.

ఇక సూర్యాపేటకు పోదము. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు పెద్ద బాటపై నున్న ఊరది. ఆ బాటను ఈ ప్రాంతపు పెద్దలు 'సడక్' అందురు. ప్రభుత్వపు లెక్కలో అది పూర్వము 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. వెడల్పు చేసిన పిదప జనులు దానిని 'నాలుగు లైన్ల రోడ్డు' అన్నారు. ఇంగ్లీషువారు ఇచట 'లైను' అనరు, 'లేను' అందురు. అది వేరు మాట. ఒక బండి పోవుటకు చాలినంత దారి అని దాని అర్థము. కాని తెలుగులో 'లేను' అన్నచో 'నేనిక లేను' అని వినబడును. బండి నడుపువాని నోట రాదగిన మాట కాదది! అందుచేతనో ఏమో, మనవారు రెండు మాటలను ఒకటిగా కలిపివేసిరి. ఇప్పుడు దారియు లైనే, దారులను విడదీయు తెల్లగీతయు లైనే. 'లైను మారవచ్చును, లైను దాటరాదు' అన్నచో క్రొత్తగా బండి నేర్చుకొనువాడు ఏమి గ్రహించును? తెగిన గీత యున్నచోట ప్రక్క దారిలోనికి పోవచ్చును, తెగని గీత యున్నచోట పోరాదు అని విడమరచి చెప్పిననే తెలియును.

ఆ ఊరి బజారులోనే 'మీరే లైనులో ఉన్నారు?' అని ఒకరు అడిగినచో అది వ్యాపారమును గూర్చిన ప్రశ్న. టెలిఫోనులో 'లైనులో ఉండండి' అన్నచో కొంచెము ఆగుడని అర్థము. మొండికెత్తినవాడు మెత్తబడినచో 'లైనుకు వచ్చినాడు'. యువకుడు ఒక పిల్ల వెంట తిరిగినచో 'లైను వేయుచున్నాడు'. ఈ చివరి అర్థమును ఇంగ్లీషువారు కలలోనైన నెరుగరు.

కోదాడ చేరినచో మరియొక వింత. ఈ ఊరికి తూర్పుగా కొద్ది దూరములో ఒక గీత ఉన్నది. 1956 నవంబరు 1కి పూర్వము అది హైదరాబాదు రాష్ట్రమును ఆంధ్ర రాష్ట్రమును వేరుచేసినది. నాడు చెరిగిపోయి, 2014 జూన్ 2న తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నడుమ మరల ఏర్పడినది. దానిని మాత్రము ఎవరును లైను అనరు. సరిహద్దు అందురు, పొలిమేర అందురు. గట్టి మాట వాడుకలో నున్నచోట క్రొత్త మాటకు చోటు దొరకదు. ఆ ఊరివారు 'మాకు లైను రావలెను' అన్నచో అది రైలుమార్గము. సూర్యాపేటకు గాని కోదాడకు గాని రైలు స్టేషను లేదు. అదే మాటను పొలము గట్టుపై రైతు అన్నచో అది విద్యుత్తు తీగ. కాలువ గట్టుపై 'లైనింగు' అన్నచో, నాగార్జునసాగర్ ఎడమ కాలువలో నీరు ఇంకకుండ వేయు కాంక్రీటు పూత. ఉడుపుల లోపలి నారగుడ్డ ఇట్లు కాలువకు లోపలి తొడుగైనది.

మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడినది. వరికోతల కాలములో ధాన్యపు ట్రాక్టర్లు మిల్లుల ముందు లైను కట్టును. అచట లైను అనగా ఎదురుచూపు, రాత్రి జాగారము, తేమ ఆరి తగ్గిపోవు తూకము. ఈ ఊరికి రైలు లైను ఉన్నది. ఆ రైలెక్కి నడికుడి మీదుగా గుంటూరులో దిగినచో, అచట వీధియే లైను. 'బ్రాడీపేట నాలుగవ లైను' అని చిరునామా వ్రాయుదురు.

ఇంతవరకు వినోదము. ఈ మాటలో ప్రాణములతో ముడిపడిన సంగతి యొకటి కలదు. రైల్వేలో ముందరి స్టేషను 'లైన్ క్లియర్' ఇచ్చినగాని వెనుకటి స్టేషను రైలును పంపదు. అనగా త్రోవ ఖాళీగా నున్నది, రావచ్చును. విద్యుత్తు శాఖలోను 'లైన్ క్లియర్' కలదు. అచట దాని అర్థము తలక్రిందులు: తీగలో విద్యుత్తును ఆపితిమి, నీవు స్తంభమెక్కవచ్చును. పని ముగిసి, తీసుకొన్నవారు దానిని తిరిగి అప్పగించువరకు సబ్‌స్టేషనులో మీట వేయరాదు. ఒకచోట కదలుటకు అనుమతి, మరియొకచోట కదలకుండ ఆపుట! పత్రికలవారు ఏ పథకమునకైన అనుమతి వచ్చినచో 'లైన్ క్లియర్' అని పెద్ద అక్షరములతో వేయుదురు. అచట అర్థము పొరపడినను ప్రాణహాని లేదు. పొలములో అట్లు కాదు.

మోటారు ఆగినది. 'లైన్ పోయింది' అని రైతు అనును. ఏది పోయినది? మూడు తీగలలో ఒక దానిలో మాత్రమే విద్యుత్తు పోయియుండవచ్చును; మిగిలిన రెండును సజీవములు. ట్రాన్స్‌ఫార్మరు దిగువవైపు ఫ్యూజులు తీసినను, ఎగువవైపు 11,000 వోల్టుల తీగలు సజీవములే. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సేద్యమునకు 24 గంటల విద్యుత్తు ప్రారంభమైనది. ఈ వేళ తీగలో విద్యుత్తు ఉండదని అలవాటు చొప్పున అనుకొనుటకు వీలు లేదు. 'లైను లేదు' అను రెండు మాటలను నమ్మి ఎవరును తీగపై చేయి వేయరాదు. ఎవరు ఆపినారు, ఎచట ఆపినారు, మరల ఎవరు వేయుదురు అని అడుగవలెను. పనిని లైన్‌మన్‌కే విడువవలెను.

పరభాషా పదమును వాడుట తప్పని మేమనము. సడక్ మనదైనది, లైనును మనదైనది. కాని మన మాటలు చేయు పనిని కూడ గమనింతము. చీమలది బారు, నాగలిది చాలు, భోజనమునకు కూర్చున్నవారిది పంక్తి, పద్యమునకు పాదము. 'వరుస' అన్నచో నిలుచుటయే కాక ఒకరికొకరు ఏమగుదురో కూడ తెలియును. ఇవి ఎదుట నున్న వస్తువును చూపి మరీ పలుకు మాటలు. 'లైను' దేనినైనను చూపును గనుక, తోడుమాట లేక దేనిని చూపుచున్నదో చెప్పజాలదు. బజారులో అది ఒంటరిగా తిరుగవచ్చును. రహదారి మీదను, స్తంభము క్రిందను మాత్రము దానికి తోడు నిచ్చి పంపవలెను.