కొండపల్లెలో సెలవు దినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



తక్కిన వక్తలందరును గ్రంథాలయోద్యమమును గూర్చి ప్రసంగించుచుండగా నాకు మాత్రము విహారయాత్రను గూర్చి చెప్పుమని ఆజ్ఞ అయినది. కారణము మీరెరిగినదే. వచ్చు సంక్రాంతి సెలవులలో మన సభ్యులు ఇరువదిమంది అరకు ప్రాంతమునకు పోయి, ఒక గిరిజన గ్రామమున రెండు మూడు దినములు గడపవలెనని సంకల్పించిరి. అక్కడ చూడదగినవేవి, చేయదగినవేవి అని నన్నడిగిరి. ఆ కొండలకు నేను పలుమార్లు పోయితిని. మొదటిసారి పోయినప్పుడు చేయగూడని పని యొకటి చేసితిని గనుక, ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత అధికారము కలదనుకొందును.

విశాఖపట్టణమునుండి అరకు లోయ సుమారు 115 కిలోమీటర్లు. లోయ అందురు గాని అది సముద్రమట్టమునకు మూడువేల అడుగుల ఎత్తున నున్నది. రోడ్డుమీద బస్సులు కలవు. అయినను మొదటిసారి పోవువారు రైలుమీదనే పోవలెను. బైలడిల్లా ఇనుప ఖనిజమును రేవునకు దింపి జపానుకు పంపుటకై 1960 దశాబ్దిలో కొత్తవలసనుండి కిరండోల్ వరకు ఈ మార్గమును నిర్మించిరి. దీనిలో 58 సొరంగములు కలవు. ప్రతి సొరంగములోను పిల్లలు కేకలు వేయుదురు. చీకటిలో ఎవరును చూడరు గనుక పెద్దలును వేయుదురు. 2017లో అద్దాల పెట్టె యొకటి ఈ రైలునకు తగిలించిరి. నాకు మాత్రము సాధారణపు పెట్టెయే ఇష్టము. సంతకు పోవు స్త్రీలు బుట్టలతో అందులోనే ఎక్కుదురు. వారి సంభాషణలో తెలుగును ఒడియాయును కలగలసి వినవచ్చును.

బొర్రా గుహలను చూడని యాత్రికుడుండడు. సున్నపురాతిలో నీరు ఎన్నో వేల యేండ్లు బొట్లు బొట్లుగా జారి మలచిన ఆ స్తంభములను వర్ణించుట నా వలన కాదు. పైనుండి ఆవు గుహలో పడగా, దానిని వెదకుచు వచ్చిన కాపరి ఈ చోటు కనుగొనెనని స్థలపురాణము. గోస్తనీ నది పేరునకు అదియే మూలమందురు. ఆ కథను దారి చూపువారు ఎవరైనను చెప్పుదురు. వారు సాధారణముగ చెప్పనిది ఇంకొకటి కలదు. ఆ పరిసరములలోని గిరిజన భూములను గనులకై బయటివారికి కౌలుకిచ్చుటపై వ్యాజ్యము నడచి, 1997లో సుప్రీముకోర్టు వరకు పోయినది. షెడ్యూల్డు ప్రాంతములో ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనుల కౌలుగా ఇయ్యరాదని ఆ న్యాయస్థానము తీర్పు చెప్పెను. సమత తీర్పు అని దేశమంతట ప్రసిద్ధికెక్కినది అదియే. గుహలోనుండి వెలుపలికి వచ్చి ఎదుటి కొండను చూచునప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇక గ్రామమునకు వత్తము. నా తప్పును చెప్పెదనంటిని గదా.

చాలకాలము క్రిందట కార్తీకమాసమున మేమెనమండుగురము మిత్రులము ఒక గ్రామమునకు పోయితిమి. థింసా నృత్యము చూడవలెనని మా కోరిక. ఊరిపెద్దను అడిగితిమి. ఆయన చేతులు జోడించి, "బాబూ, కోతలు గదా. ఆడోళ్లు పొలంలో ఉన్నారు. రేపు పొద్దుగూకినాక రండి" అనెను. మాకు మరునాడు తిరుగుప్రయాణము. మాలో ఒకడు జేబులోనుండి నోట్లు తీసి ఆయన చేతిలో పెట్టెను. వలదని నేననలేదు. ఆయన కొంతసేపు ఆ నోట్లవంక చూచి, పిల్లవానిని పొలమునకు పంపెను. పదునాలుగుగురు స్త్రీలు కొడవళ్లు దావలో పెట్టి వచ్చి, ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసి అరగంట ఆడిరి. ఫొటో సరిగా రాలేదని మరియొకమారు ఆడించితిమి.

సాయంకాలము ఆశ్రమపాఠశాలలో చదువుచున్న బాలిక యొకతె మాకు మంచినీళ్లు తెచ్చెను. ఎవరి పొలము కోయుచున్నారమ్మా అని అడిగితిని. ఆ చేను భర్తలేని ఒక స్త్రీదట. ఇరుగుపొరుగు వారందరు కలసి ఒకనాటిలో కోసియిచ్చుటకు పోయిరట. మేము పిలిపించుటచే సగము చేను మిగిలిపోయెను. కోసినదానిని కుప్ప వేయుటకును పొద్దు చాలలేదు. ఆ రాత్రి వాన కురిసెను.

ఆ నోట్లు ఆమెకు ముట్టినవో లేదో నేనడుగలేదు. అడుగవలసినది.

తరువాత నాలుగేండ్లకు అదే ప్రాంతమున చైత్రమాసమున ఇటుకల పండుగ దినములలో నుండు భాగ్యము కలిగెను. అప్పుడు థింసా యనగా ఏమో చూచితిని. డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు మ్రోగుచుండగా పొరుగూరి స్త్రీలు వచ్చి ఆడిరి. ఆ రాత్రి రెండూళ్లవారును కలసి భుజించిరి. ఆకులు కోయుట ఒక వరుస, పులి మీదబడినప్పుడు తప్పించుకొనుట ఒక వరుస, గ్రామదేవతకు మ్రొక్కుట ఒక వరుస. ఎవరును మాకొరకు ఆడలేదు. ఒక ముసలమ్మ మాత్రము నా చేయి పట్టి వరుసలోనికి లాగెను. నా అడుగులు చూచి పిల్లలు నవ్విన నవ్వు ఇప్పటికిని చెవులలో నున్నది. కావున మనవారు పోయినప్పుడు ఊరివారు ఆడుచున్నచో చూడుడు, పిలిచినచో ఆడుడు. లేనియెడల అడుగకుడు.

మరి దినమంతయు ఏమి చేయవలెననెదరా? ఊరు చేయు పనియే చేయవచ్చును. మీరు పోవునది కాఫీపండ్ల కోత చివరి దినములు. సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లనే ప్రాకిన మిరియపు తీగెలు. చాల తోటలు ఎకరము, రెండెకరముల చిన్న కమతములు. ఎర్రగా పండిన కాయనే కోయవలెను, పచ్చిది కోసినచో రుచి చెడును. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు నిలుచుట ఈ వ్రేళ్లు చేయు ఎంపికమీద ఆధారపడియున్నది. యజమాని అనుమతించినచో ఒక పూట కోసి చూడుడు. గంట గడచునప్పటికి నాకు నడుము పట్టినది, బుట్ట అడుగైనను నిండలేదు.

సంతకు తప్పక పోవలెను. పసుపు, అల్లము, పిప్పళ్లు, చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకుల కట్టలు ఒకవైపు. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, అల్యూమినియపు గిన్నెలు ఒకవైపు. మన స్త్రీలు బేరములో నిపుణురాండ్రు, వారి నైపుణ్యమును నేనెరుగుదును. కాని ఆ నైపుణ్యమును దయచేసి ఉప్పు, బట్టలు అమ్ము వర్తకునియొద్దనే చూపుడు. పసుపుబుట్టతో తెల్లవారక మునుపే కొండ దిగి నడచి వచ్చినామె, సాయంకాలము ఆ బుట్టను మరల మోసికొనిపోలేక మీరన్న ధరకే ఇచ్చివేయును. దానిని బేరమనరాదు.

భోజనము సంగతి. బొంగులో కోడి మీరు విన్నదే. పచ్చి వెదురుబొంగులో మసాలా పట్టించిన మాంసము కూరి, మూతికి ఆకు బిగించి నిప్పులపై కాల్తురు. నూనె చుక్కయైనను అక్కరలేదు. చోడి అంబలి, సామల అన్నము దొరికినచో విడువకుడు. జీలుగుకల్లు విషయమున నేనేమియు చెప్పను, సభలో పెద్దలున్నారు.

బస ఎక్కడ? ఇది ముఖ్యము. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో జరిగిన సవరణ ప్రకారము ఆ ప్రాంతపు భూమిని గిరిజనేతరులు కొనరాదు. అయినను ఎవరి పేరనో ఒకరు బస నడుపుట ఎక్కడనైనను జరుగవచ్చును. గది తీసికొనకముందు ఈ ఇల్లు ఎవరిదని అడుగుడు. ఊరివారి ఇంటనే ఉండి, ఊరివారి చేతనే వండించుకొని, రొక్కము నేరుగా ఆ ఇల్లాలి చేతికిండు. ఇల్లు చిన్నది. స్నానమునకు నీరు మోసి తేవలసియుండును. గిరిజన సహకార సంస్థవారి దుకాణములో తేనె కొనవచ్చును.

ఇది గ్రంథాలయ సభ గనుక గిడుగు వెంకట రామమూర్తిగారిని స్మరింపక ముగింపలేను. వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన మహనీయుని ఈ గ్రాంథికములో స్మరించుట విన్నచో ఆయన నన్ను కోప్పడెడివారు! ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరలతో మాటాడవలెనని వారి భాషను వారియొద్దనే నేర్చిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు సొంత ధనము వెచ్చించిరి. 1931లో సవరభాషా వ్యాకరణము, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. మనము మూడు దినములలో నిఘంటువు వ్రాయబోము. కాని కువియో, పోర్జయో, ఆదివాసి ఒడియాయో మాటాడు పిల్లలను నీటికి ఏమందురు, నిప్పుకు ఏమందురు అని అడిగి వ్రాసికొనవచ్చును. తప్పు పలికినచో వారే దిద్దుదురు. ఆ కాగితములు తెచ్చి మన గ్రంథాలయమున భద్రపరచుడు.

రాదలచినవారు తమ పేర్లను గ్రంథపాలకునియొద్ద వ్రాయించుడు. జనవరిలో చలి మిక్కుటము గనుక ఒక్కొక్కరు రెండు దుప్పట్లు, దోమతెర తెచ్చుకొనవలెను. జలపాతముల వద్ద రాళ్లు పాచిపట్టి యుండును, పిల్లల చేయి విడువరాదు. ప్లాస్టిక్కు సంచులలో ఏమి కొనిపోయినను ఆ సంచులను మరల ఇంటికి తీసికొని రావలెను. కిరండోల్ బండి ఉదయముననే బయలుదేరును గనుక ముందటి రాత్రియే విశాఖపట్టణము చేరవలెను.