ఇంటికి వచ్చిన కళాశాల - వికలాంగ విద్యార్థులు



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. కళాశాలల గేట్లు మూతపడ్డాయి. రాష్ట్రాల ఎల్లలు కూడా మూతపడ్డాయి. ముప్పై చదరపు కిలోమీటర్ల మన యానాం పరిపాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌వి. అందుచేత ఎల్ల మూయడమంటే ఏమిటో మనకు ఇతరుల కంటే బాగా తెలుసు. ఆ రోజుల్లో కళాశాల పాఠం ఫోను రూపంలో ఇంటికి వచ్చింది. కానీ కళ్లు కనిపించని, చెవులు వినిపించని, కాళ్లూ చేతులూ సహకరించని విద్యార్థికి ఆ పాఠం నిజంగా అందిందా? ఈ ప్రశ్న గురించి ఈ రోజు ముచ్చటించుకుందాం.

ముందుగా చూపు లేని విద్యార్థుల సంగతి. మనం రోజూ వాడే ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆన్ చేస్తే, వేలు పెట్టిన చోట తెర మీద ఏముందో ఫోను పైకి చదివి చెబుతుంది. కంప్యూటరు కోసం ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు 2006లో దాని పని మొదలుపెట్టారు. అది పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. అంటే మహమ్మారి వచ్చేనాటికే కావలసిన సాధనం మన చేతికి అంది ఉంది.

మరి ఆటంకం ఎక్కడ వచ్చింది? పాఠాన్ని పంపిన తీరులో వచ్చింది. అధ్యాపకుడు నోట్సును చేత్తో రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెడతారు. చూపున్న వారికి అది నోట్సు. టాక్‌బ్యాక్‌కు మాత్రం అది ఒక బొమ్మ. "ఫొటో" అని చెప్పి ఊరుకుంటుంది. ఇక మన తెలుగుకు మరో చిక్కు ఉంది. డీటీపీ సెంటర్లలో అను వంటి పాత ఫాంట్లతో కొట్టిన నోట్సు కంటికి చక్కటి తెలుగే. కానీ కంప్యూటరు లోపల అవి తెలుగు అక్షరాలు కావు. చదివించి చూడండి, అర్థంపర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వినిపిస్తాయి. అదే నోట్సును యూనికోడ్‌లో, అనగా మనం ఫోనులో సందేశాలు కొట్టే అక్షరాల్లో, టైపు చేస్తే అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. ఖర్చు ఏమీ లేదు. తేడా మాత్రం ఒక విద్యా సంవత్సరమంత.

ఇంకొక ఇబ్బంది కూడా చెప్పాలి. జూమ్‌లో పాఠం జరుగుతుండగా తెర మీదకు ఏదైనా సందేశం వస్తే, ఫోను గొంతు దాన్ని చదవడం మొదలుపెడుతుంది. అధ్యాపకుని గొంతు, యంత్రం గొంతు ఒకే చెవిలో కలిసిపోతాయి. ఆ పైన అధ్యాపకుడు బోర్డు చూపిస్తూ "ఇదిగో, దీన్ని అక్కడికి తీసుకువెళ్లండి" అంటే, ఏది, ఎక్కడికి?

ఇక వినికిడి లేని విద్యార్థులు. వీరిలో చాలామంది పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. డేటా ఆదా అవుతుందని అధ్యాపకుడు కెమెరా ఆపేస్తే ఆ దారి మూసుకుపోయింది. మాస్కు పెట్టుకుంటే మరీ కష్టం. మాటను అక్షరాలుగా మార్చే లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే సదుపాయాన్ని గూగుల్ 2019లో తెచ్చింది. అది కొంత ఆదుకోగలదు. కానీ నలుగురు ఒకేసారి మాట్లాడితే, శాస్త్ర పదాలు దొర్లితే, తప్పులు పడతాయి. జూమ్ సంస్థ తన ఉచిత ఖాతాలకు కూడా మాటల అక్షర రూపాన్ని ఇచ్చింది 2021లో, అదీ ఇంగ్లీషుకు. అప్పటికి ఎన్ని పాఠాలు దాటిపోయాయో ఊహించండి.

అయితే నాణేనికి రెండో వైపు కూడా ఉంది. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మాయి ఒకరున్నారనుకోండి. ఆమెకు బస్సు మెట్లు ఎక్కడం, మేడ మీది తరగతికి చేరడం ప్రతిరోజూ ఒక యుద్ధం. ఇంటి నుంచి పాఠం వినడం ఆమెకు వరమే అయింది. రికార్డు చేసిన పాఠాన్ని అలసట తీరాక మళ్లీ వినవచ్చు. కళాశాలలు తెరిచిన తర్వాత అందరికీ తలుపు తెరుచుకుంది. ఆమెకు మాత్రం అప్పటిదాకా ఉన్న తలుపు కాస్తా మూసుకుంది. ఈ మాట మనలో ఎంతమందికి తట్టింది?

పరీక్షల దగ్గర ఇబ్బంది మరీ బయటపడింది. 2020లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పుస్తకాలు చూసి ఇంటి నుంచే రాసే పరీక్ష పెట్టినప్పుడు, చూపు లేని విద్యార్థుల కష్టాలను జాతీయ అంధుల సమాఖ్య హైకోర్టు ముందుంచింది. కంప్యూటరు లేనివారు, నెట్ అందనివారు, రాసిపెట్టే సహాయకుడు దొరకనివారు ఏం చేయాలి? సహాయకుడు ఎల్లకు అవతలి ఊళ్లో ఉంటే లాక్‌డౌన్‌లో ఎలా వస్తాడు? మన ప్రాంతం వారికి ఈ ప్రశ్న విడమరచి చెప్పనక్కరలేదు.

తర్వాత 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. రాయడానికి చెయ్యి సహకరించని అభ్యర్థి వైకల్యం 40 శాతానికి చేరకపోయినా, అవసరం ఉంటే సహాయకుణ్ణి ఇవ్వాలన్నది దాని సారాంశం. దీనికి పునాది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే ఇందులో 21 ఉన్నాయి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలి. ఈ చట్టం కింద ఇచ్చే వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. కనుక ఎల్లకు ఇవతల ఇచ్చింది అవతల పనికిరాదని ఎవరైనా అంటే, ఈ సంగతి మర్యాదగా గుర్తు చేయండి.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా గారి పేరు మీరు వినే ఉంటారు. చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వనంటే, ఆయన పోరాడి చేరారు. పాఠాలను ధ్వని రూపంలో విని చదువుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగి వచ్చి హైదరాబాదులో పరిశ్రమ పెట్టారు. పాఠం అందే రూపంలో ఉంటే విద్యార్థి అందుకుంటాడు అనడానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

కాబట్టి తోటి ఉపాధ్యాయులకు నా మనవి. నోట్సును యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. బోర్డు మీద రాసేది పైకి చదువుతూ రాయండి. వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడి మాట్లాడండి. వీలైన పాఠం రికార్డు చేసి ఉంచండి. అన్నిటికంటే ముందు, "నీకు ఎలా పంపితే వీలు?" అని ఆ విద్యార్థినే అడగండి. తల్లిదండ్రులారా, ఇంట్లో ఒకే ఫోను ఉంటే, పాఠం వేళ అది పిల్లల చేతిలో ఉండేలా చూడండి. ఆ పిల్ల వికలాంగురాలైతే మరీ ముఖ్యం. పక్కింటి పిల్ల నోట్సు కాపీ చేసుకోవడం ఆమెకు అంత తేలిక కాదు.

మహమ్మారి వెళ్లిపోయింది. అప్పుడు అందరం నేర్చుకున్న ఈ అలవాట్లు మాత్రం దానితో పాటు వెళ్లిపోకూడదు. తరగతి గదిలో ఒక్క వికలాంగ విద్యార్థి ఉన్నా సరే, ఆ ఒక్కరి కోసం చేసిన ఏర్పాటు మిగతా అందరికీ పనికొస్తుంది. జ్వరంతో ఇంట్లో పడుకున్న పిల్లవాడికీ రికార్డు చేసిన పాఠం పాఠమే కదా!