కానుగగింజలోని చేదు



చెరువుకట్టక్రిందను, పొలముగట్టునను పెరుగు కానుగను ఎరుగని కాపు లేడు. ఎరిగిన చెట్టగుటచేతనే కాబోలు, దానిని వంటచెరకుగా నెంచి నరకువారు పెక్కురు. గొడ్డలి యెత్తుటకు ముందు దాని గింజలో నేమున్నదో తెలిసికొనవలెను.

కానుగ కంది, పెసర, చిక్కుడులకు చుట్టము. ఒక్కొక్క యీనెపై ఆకులు జతలుగా నుండి కొనయందొకటి ఒంటిగా నుండును. కాయ బిరుసైనది, తనంతట పగులదు, సాధారణముగా నొక్క గింజయే యుండును. వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలియందలి నత్రజనిని గ్రహించి చెట్టున కిచ్చును. వరిమడిని దమ్ముచేయునపుడు పెద్దలు కానుగరొట్టను త్రొక్కించుట వట్టి యాచారము కాదు.

గింజయందు నూటికి సుమారు ముప్పదిపాళ్లు నూనె కలదు. ఆ నూనె చేదు. చేదునకు కారణములైన పదార్థములలో ముఖ్యమైనది కరంజిన్. కరంజ మనునది యీ చెట్టు సంస్కృతనామమే. వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య శేషాద్రిగారును వారి సహచరులును 1940వ దశకమున నీ చెట్టు పదార్థములను శోధించిరి. వారు పరీక్షించిన వానిలో వేరునందలి దొకటి కానుగిన్. మన పల్లెలోని పేరు రసాయనశాస్త్రమున కెక్కినది!

గజ్జి, తామరలకును, పశువుల పుండ్లకును కానుగనూనెను పైపూతగా వాడుట పూర్వమునుండి యున్నది. లోనికి మాత్రము పుచ్చుకొనరాదు. పిండిని గూర్చియు నిట్లే జాగ్రత్త వలయును. వేరుశనగపిండివలె నున్నదిగదాయని కానుగపిండిని పాడియావు కుడితిలో కలుపరాదు. గానుగనుండి వచ్చిన పిండిలో నూనెయు చేదును కొంత మిగిలియుండును; అది పశువునకు హానికరము.

పశువునకు చెరుపైన యా చేదే పైరునకు మేలు. పిండిలో నూటికి సుమారు నాలుగుపాళ్లు నత్రజని యున్నది, అంతటితో తీరలేదు. నేలలోని కొన్ని సూక్ష్మజీవులు ఎరువులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. నైట్రేటు నీటితో దిగిపోవును. వరిమడి బురదలో వాయువై గాలిలో కలియును. రైతు పెట్టిన రూకలు నట్లే పోవును. కరంజిన్ యీ మార్పును మందగింపజేయును. కావున యూరియాతోపాటు కానుగపిండిని వేసినచో నత్రజని నేలలో మరికొంతకాలము నిలుచును. దేశమున తయారగు యూరియాకు 2015లో వేపపూత విధింపబడుటలోను ఈ యుద్దేశమే కలదు.

చెట్టునుబట్టియు నేలనుబట్టియు ఏటికి 9 మొదలు 90 కిలోగ్రాముల వరకు గింజలు దొరకును. వేసవిలో కాయలను రాల్చి, ఎండబెట్టి, కొట్టి గింజ తీయవలెను. గింజను చౌకగా వర్తకునకమ్మి, పిండిని మరల హెచ్చువెలకు కొనుట కొందరి వాడుక. గింజను దగ్గరి గానుగకు స్వయముగా తోలి, పిండిని ఇంటికి తెచ్చుకొనుట లాభకరము. నాటుటకు మాత్రము ఆ యేటి క్రొత్తగింజనే యుంచుకొనవలెను. ఏడాది దాటినచో మొలక తగ్గును.