మన ఊరి రాళ్లకి హాజరు వేద్దామా?

చెరువు కట్ట మీదో, గుడి వెనకో, వేపచెట్టు కిందో పాత రాళ్లు పడి ఉంటాయి, చూశారా? ఏవో గీతలులే అనుకుని వెళ్లిపోతాం. వాటిలో కొన్ని శాసనాలు, కొన్ని వీరగల్లులు కావచ్చు. ఈరోజు వాటి గురించే.

మన చిల్లకూరుకి దగ్గర్లోనే, చిట్టమూరు మండలంలో మల్లాం ఉంది కదా. అక్కడ పల్లవరాజు కంపవర్మ కాలం నాటి తమిళ శాసనం ఒకటి దొరికింది. ఒకాయన తన ఒంట్లో తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరికి తల కూడా భటారి అమ్మవారికి ఇచ్చేశాడట. అందుకు భూమి ఇచ్చారని అందులో రాసుంది. వెయ్యేళ్ల నాటి మాట ఇది! ఆ రాయే లేకపోతే ఆ మనిషి ఉన్నాడని మనకి తెలిసేదే కాదు.

ఇంకో విషయం. 1905లోనే బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలని మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అందులో మన గూడూరు తాలూకా ఊళ్లూ ఉన్నాయి. స్కాన్ కాపీ నెట్‌లో దొరుకుతుంది. మరి ఆ రాళ్లన్నీ ఇప్పుడున్నాయా? ఎవరో ఒకరు వెళ్లి హాజరు వేయాలి. ఆ పని మనం చేయొచ్చు.

ఇదేం కొత్త ఐడియా కాదు. స్పెయిన్‌లోని కాటలోనియాలో రైతులు సున్నం, సిమెంటు లేకుండా రాతి మీద రాయి పేర్చి కట్టుకున్న గుడిసెలు ద్రాక్షతోటల్లో ఉంటాయి. వాటిని వాలంటీర్లే వెతికి, ఫొటో తీసి, వికిపెడ్రా అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తున్నారు. ఆ రాతి పేర్పు పనికి 2018లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది.

మరి మనం ఎలా చేయాలి? ముందు ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. గుడిలో ఉంటే పూజారి గారి అనుమతి తీసుకోండి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం గానీ సాయంత్రం గానీ ఫొటో తీస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి. చీకట్లో అయితే టార్చ్‌ని పక్క నుంచి కొట్టండి. పక్కన ఒక స్కేలు పెట్టి, నాలుగు వైపులా తీయండి. ఊరి పేరు, తేదీ రాసుకోండి.

చేయకూడనివి కూడా వినండి. సున్నం, పెయింటు పూయొద్దు. ఇనుప బ్రష్‌తో రుద్దొద్దు. అక్షరాల్లో సుద్దముక్క గీయొద్దు. రాయిని కదిలించొద్దు. ఎక్కడుందన్నది కూడా చరిత్రే.

అన్నిటికంటే ముఖ్యం, రీల్‌లో లొకేషన్ పెట్టొద్దు! గుప్తనిధులని తవ్వేవాళ్లు కాచుక్కూర్చుని ఉంటారు. మన లైకుల కోసం వాళ్లకి దారి చూపించినట్టవుతుంది. లొకేషన్ పురావస్తు శాఖకి, తహసీల్దార్ ఆఫీసుకి రాసి పంపండి, చాలు.

రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, గుడి కొత్తగా కట్టేటప్పుడో ఆ రాయి మట్టిలో కలిసిపోవచ్చు. అప్పటికి మీ ఫోన్‌లో ఒక మంచి ఫొటో ఉంటే, కనీసం ఆ మాట మిగులుతుంది.

ఈ ఆదివారం ఒక్క రాయి వెతకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!