పుండు ఎలా ఉందో అడగండి

ఈ రోజు ఫార్మసీ పట్టా అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

మీకు ఒక ఆలస్యం గురించి చెప్పాలని ఉంది. 1881లో స్టాన్‌ఫర్డ్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త గోధుమరంగు సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్‌ను వెలికితీసి పేటెంటు పొందాడు. మన విశాఖ తీరపు రాళ్ల మీద పెరిగే సర్గాసం కూడా ఆ గోధుమరంగు నాచుల్లో ఒకటే. ఆల్జినేట్ తిండిపదార్థాలను చిక్కబరచడానికి, బట్టల అద్దకానికి పనికొచ్చింది. గాయాల కట్టుగా ఆసుపత్రుల్లో స్థిరపడడానికి మాత్రం దాదాపు నూరేళ్లు పట్టింది.

ఎందుకంటే గాయం ఎండి పక్కు కడితేనే మానుతుందని అందరూ నమ్మేవారు. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిలించింది. తేమగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం సుమారు రెట్టింపు వేగంతో కమ్ముకుంది. ఎండిన గాయంలో కణాలు పక్కు కిందికి దిగి దారి చేసుకోవాలి. తడి ఉన్నచోట నేరుగా పాకుతాయి. అప్పుడు నాచుకు పని దొరికింది. కాల్షియం ఆల్జినేట్ నారను గాయం మీద పెడితే, దానిలోని కాల్షియం రసిలోని సోడియంతో చోటు మార్చుకుంటుంది. నార మెత్తని జెల్ అవుతుంది, రసిని పీల్చుకుని తేమను నిలుపుతుంది. బయటపడిన కాల్షియం నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడుతుంది.

అలాగని నాచు సర్వరోగ నివారిణి కాదు. రసి లేని పొడి పుండుకు అదే కట్టు అతుక్కుపోతుంది. షుగరు రోగుల పాదాల పుండ్ల మీద జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థ 2013లో సమీక్షించింది. ఇతర కట్లకన్నా ఆల్జినేట్ బాగా మాన్పుతుందనడానికి ఆధారం దొరకలేదు. నాచులోని ఫ్యూకోయిడన్ అనే మరో పదార్థం మీద ప్రయోగశాలల్లో ఆశ కలిగించే ఫలితాలు వస్తున్నాయి. వాటినీ రోగుల మీద పరీక్షలనే ఇదే గీటురాయి మీద పెట్టాలి.

రేపు మీ కౌంటరు ముందుకు ఒక పెద్దాయన వచ్చి, "ప్రకృతి సిద్ధమేగా బాబూ, ఇచ్చెయ్" అంటారు. ముందు పుండు ఎలా ఉందో అడగండి. రసి కారుతోందా, ఎండిందా, ఎన్నాళ్లయింది, షుగరు ఉందా? అనుమానం వస్తే అమ్మకం వదులుకుని డాక్టరు దగ్గరికి పంపండి. గల్లాలో నాలుగు రూపాయలు తగ్గితే తగ్గాయి, ఆయన కాలు దక్కవచ్చు.

అడిగే ఓపిక, కాదని చెప్పే ధైర్యం మీకు కలగాలని ఆశీర్వదిస్తూ సెలవు తీసుకుంటున్నాను.